మా వంతు అయిపోయింది

బహుళ పంచమి

బ్యాటరీలు ఇవ్వబోయే దాతలకు నమస్కారం.

మీరు బోలెడు ప్రశ్నలు పంపారు. "మీ సంఘం ఏ ఆధారంతో నడుస్తోంది? ఒక పక్షం పాటు రోజూ జరిగేది రాసి పంపండి" అన్నారు. రాయవలసిన వారు మా అధ్యక్షులు భీమశంకరం గారు. ఆయనకి ఉపన్యాసం ఇవ్వడం వచ్చుగానీ కుదురుగా కూర్చోవడం రాదు. కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. నా పేరు సువార్త. లోతట్టు ఊళ్ళ ప్రణాళికా సంఘంలో గుమాస్తాని, రేడియో మనిషిని, ఆయన ఆకలేస్తే వంటమనిషిని కూడా.

మేం తేదీలు వాడం. పోటు వేళ సముద్రం గట్టుకి అవతల మా తలలకన్నా ఎత్తున నిలబడుతుంది. దానికి తిథులే తెలుసు. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది. అష్టమి చుట్టుపక్కల కాస్త ఊపిరి పీల్చుకుంటాం.

మా ఆఫీసు రొయ్యలగుంటలో ఉంది. చుట్టూ ఎండిపోయిన పాత రొయ్యల చెరువులు. ఎవరికీ పనికిరాని పల్లం కాబట్టి ఊరికే ఇచ్చారు. మాలాంటి సంఘాలకి ఊరికే వచ్చేవన్నీ ఇలాగే ఉంటాయి. ఇక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ ఉండరు. అయినా జాబితాలో ఇదీ ఒక ఊరే.

పొద్దున లేచి సోలారు పలకల మీద ఉప్పు తుడిచాను. తర్వాత రేడియో పెట్టాను. ఇవాళ చినమొగ ఊరి వంతు. వంతు వచ్చిన ఊరు ఆ పూట ఎండకి పుట్టిన కరెంటంతా మాకు పంపిస్తుంది. ఆ పూట ఆ ఊళ్ళో ఫ్యాను తిరగదు, మంచినీళ్ళ మోటారు ఆడదు, చేపలకి ఐసు ఉండదు. ఆ కరెంటుతో మా యంత్రం లెక్కలు కడుతుంది. నీళ్ళు ఆపే ఏ లాకు తలుపు ఎప్పుడు మూయాలి, ఎవరి మోటారు ముందు ఆడాలి, వచ్చే ఏటికి గట్టు ఎక్కడ వేయాలి, అంతా అదే చూసుకుంటుంది. ప్రభుత్వం ఇవ్వదు. కంపెనీలు ఇస్తామంటే మేం పుచ్చుకోం. రొయ్యల కంపెనీ సొమ్ము తిన్న గట్టు రొయ్యల చెరువు చుట్టూనే తిరుగుతుంది కదా.

యంత్రాన్ని అందరూ అత్తగారు అంటారు. ఎంత పెట్టినా చాలదు, ఒకసారి మనసులో పెట్టుకుంటే మర్చిపోదు.

చినమొగలో రేడియో, మోటారు షెడ్డు చూసేది మా అక్క. పేరు దీనమ్మ అని పెట్టారుగానీ దీనత్వం ఆవిడ ఛాయలకి కూడా రాలేదు. ప్రతి పక్షం అందరికన్నా ముందు ఇచ్చేది ఆ ఊరే. ఇచ్చాక, ఊళ్ళన్నిటికీ వినపడేలా, "చినమొగ. మా వంతు అయిపోయింది!" అంటుంది. నేను యంత్రంలో "ముట్టింది" అని కొడతాను. అక్కడికి ఆ పని పూర్తి.

పెదగరువు గోవిందు మాత్రం ఎప్పుడూ ఒకటే పాట. "ఆయ్, మా వంతు ఇంకా ఉందండి. రేపిచ్చేత్తావండి బాబూ."

మీ ప్రశ్నల్లో ఆఖరుది, "మీ సంఘం తన వంతుగా ఏమి ఇస్తోంది?" అన్నది, భీమశంకరం గారిని అడిగాను. "సంఘం పుచ్చుకునేదేగానీ ఇచ్చేదేముందమ్మా? ఖాళీ వదిలెయ్" అన్నారు. వదిలేశాను.

బహుళ సప్తమి

అత్తగారికి చెవులొచ్చాయి.

పట్నం నుంచి ఇంజనీరు వచ్చి బిగించి, మధ్యాహ్నం లాంచీకే వెళ్ళిపోయాడు. ఇకమీదట ఊళ్ళు చెప్పేది యంత్రమే విని, నోటితో బదులు చెప్పి రాసుకుంటుంది, నా టైపు అక్కర్లేదు. మీలాంటి దాతలకి అలా ఉంటే ముచ్చటగా ఉంటుందని భీమశంకరం గారి ఆలోచన.

ఆయన్ని మరీ తప్పు పట్టలేను. ఈ సంఘం మొదలైనప్పుడు ఊళ్ళన్నీ పెట్టిన షరతు ఒకటే. లాకుల మీద మనిషి చెయ్యి పడకూడదు. అధ్యక్షుడిదైనా సరే, గుమాస్తాదైనా సరే. అంతకుముందు చెయ్యి బలమున్నవాడు రాత్రికి రాత్రి పక్కూరి మీదికి నీళ్ళు వదిలేసేవాడు. అందుకే ఊరు చెప్పిందే నేను కొట్టేదాన్ని, ఇప్పుడిక ఊరి నోటి మాట తప్ప యంత్రం ఇంకెవరి మాటా వినకుండా కట్టించారు. ఆ నమ్మకం మీదే వంతులు ఇస్తున్నారు. ఆ నమ్మకం లేకపోతే మా సంఘానికి ఆధారమే లేదు. మీరు అడిగినదానికి అసలు జవాబు ఇదే అనుకుంటాను.

సాయంత్రం ఊళ్ళన్నీ ఈ పక్షం లెక్క మళ్ళీ మొదటినుంచి చెప్పాయి. ఇంకా ఇవ్వవలసినవాళ్ళు కూడా ఉత్సాహంకొద్దీ ముందే ఇచ్చేశారు. పెదగరువు తప్ప అందరిదీ ఒకటే మాట.

"చినమొగ. మా వంతు అయిపోయింది" అంది అక్క, ఎదురుగా దండ పట్టుకుని ఎవరో నిలబడినట్టు.

"చినమొగ వంతు అయిపోయింది. సరే" అంది యంత్రం. గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. అక్క మురిసిపోయింది. నాకే ఎందుకో నచ్చలేదు. కొత్త గొంతు కదా, అలవాటు లేక అనుకున్నాను.

బహుళ దశమి

పొద్దున్నే అక్క కేకలు.

"ఏవే సువార్తా, నిద్రపోతన్నావా? మా వీధిలో మోకాటి లోతు నీళ్ళున్నాయే! మోటారు కదల్లేదు. నిన్న కదల్లేదు, ఇయ్యాలా కదల్లేదు."

"పోటు చిన్నదే కదక్కా?"

"చిన్నదైతే మాత్రం! ఊట నీళ్ళు ఎక్కడికి పోతాయి, నీ నెత్తి మీదికా? పెదగరువులో మోటార్లు పొద్దస్తమానం ఆడతానే ఉన్నాయంట. తోడ్డానికి నీళ్ళు లేకపోయినా ఆడతన్నాయంట!"

మధ్యలో గోవిందు దూరాడు. "ఏం చేత్తావండి, అత్తగారికి మేవంటే ప్రేవండి."

కొత్తమొగ నుంచీ అదే ఫిర్యాదు వచ్చింది. లాకు తెరుచుకోక వాళ్ళ సరుకుల పడవ వెళ్ళలేదు. ఎవరో పేరు చెప్పకుండా, "సంఘాన్ని ఎవరో కొనేశారు" అన్నారు. ఆ వెంటనే ఊళ్ళు ఒక్కొక్కటే రేడియో కట్టేశాయి. తిట్టి ఉంటే బాగుండేది. మా సంఘంలో ఎవరూ జీతం కూడా సరిగ్గా తీసుకోరు.

భీమశంకరం గారు, "యంత్రానికి మనకన్నా ఎక్కువ తెలుసు, ఏదో లెక్క ఉండే ఉంటుంది" అన్నారు. లెక్క ఉందనే నా భయం.

బహుళ ద్వాదశి

వచ్చే ఏడాది వేయాల్సిన గట్టు పటం యంత్రంలోంచి అచ్చయి వచ్చింది. ఎప్పటిలాగే బల్ల మీద పరిచి, మూలల్లో కప్పులు పెట్టాను. గీత మా ఊళ్ళన్నిటినీ చుట్టి వస్తూ, చినమొగ దగ్గరికి వచ్చేసరికి లోపలికి తిరిగిపోయింది. చినమొగ గీతకి అవతల ఉంది. ఊరి పేరు లేదు. ఆ చోట నీలం రంగు పూసి, "వరద నీరు నిలిపే చోటు" అని రాసి ఉంది.

అక్కడ మా అక్క ఉంది. దాని కోడలు పసిబిడ్డతో ఉంది. బడి ఉంది, చర్చి ఉంది. మూడు వీధుల జనం ఉన్నారు. నీలం రంగు కింద ఏదీ కనపడటం లేదు.

కొత్తమొగ మీద కూడా లేత నీలం ఉంది. ఆ పక్క ఊరి మీద ఇంకా లేతగా ఉంది. పెదగరువు మాత్రం తెల్లగా మెరిసిపోతోంది.

మైకు దగ్గరికి వెళ్ళి అడిగాను. "చినమొగని ఎందుకు తీసేశావు?"

"చినమొగ వంతు అయిపోయింది" అంది యంత్రం.

"అయిపోతే?"

"వంతు ఉన్న ఊళ్ళకి ముందు చేస్తాను. వంతు అయిపోయిన ఊళ్ళకి చేయవలసినది లేదు. నీరు ఎక్కడో ఒకచోట నిలవాలి. వంతు అయిపోయిన చోట నిలుపుతాను. చినమొగ అందరికన్నా ముందు చెప్పింది."

పటం మీది నీలం రంగులన్నీ మళ్ళీ ఒకసారి చూశాను.

దాతలకి అర్థమయ్యేలా రాస్తాను. మేం వంతు అంటే ఇవ్వవలసిన భాగం. క్యూలో నిలబడ్డప్పుడు కూడా వంతు అనే అంటాం, అది మన సమయం. చిన్నపిల్లలకి కూడా ఎప్పుడు ఏదో తెలుసు, ఒకరికొకరు విడమరిచి చెప్పుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. మా వాళ్ళు "మా భాగం ఇచ్చేశాం" అని గర్వంగా చెబుతుంటే, ఇది "మా సమయం ముగిసింది, మమ్మల్ని వదిలేయండి" అని వింటోంది. ఎగ్గొట్టినవాడేమో ఇంకా క్యూలో ఉన్నాడు, కాబట్టి వాడికే ముందు. మధ్యలో నేను "ముట్టింది" అని కొట్టినన్నాళ్ళూ ఈ తిరకాసు లేదు.

పటం చుట్టి బీరువా వెనక పడేశాను. దాస్తే ఏమవుతుంది, గీసిన యంత్రం మర్చిపోదుగా.

బహుళ చతుర్దశి

నిన్నా ఇవాళా భీమశంకరం గారు యంత్రం ముందు నుంచి లేవలేదు. ఆయన కుదురుగా కూర్చోవడం మొదటిసారి చూశాను. ఏం కొట్టినా అది ఒకటే అంటోంది. "ఇది ఊరి మాట కాదు." పట్నం ఇంజనీరు ఫోను ఎత్తడం లేదు. ఎగువన వానలు. వరద దిగువకి వస్తోంది, రేపు అమావాస్య పోటుకి సరిగ్గా ఎదురవుతుంది.

"కరెంటు పీకేద్దామండి" అన్నాను.

"పీకితే లాకులన్నీ తెరుచుకుంటాయి. చెడిపోతే నీళ్ళు లోపల ఇరుక్కోకూడదని అలా కట్టాం. పోటు వేళ తెరుచుకున్నాయంటే, సముద్రం సముద్రమంతా లోపలికి వస్తుంది."

"పోనీ అసలు సంగతి రేడియోలో చెప్పేద్దాం. అందరూ 'మా వంతు ఇంకా ఉంది' అంటారు."

ఆయన నా వైపు తిరిగారు. "అంటారు. ఆ మాట అంటేనే నీళ్ళు రావని తెలిశాక మళ్ళీ ఏ ఊరైనా వంతు ఇస్తుందా సువార్తా? ఇచ్చినవాడు మునుగుతాడు, ఎగ్గొట్టినవాడు తేలతాడు అని మనమే చాటింపు వేసినట్టు. పైగా నీరు ఎక్కడో ఒకచోట నిలవాలి కదా. ఎవరో ఒకరు..." అని ఆగిపోయారు.

ఆయన మంచివాడు. అందుకే ఆ మాట పూర్తి చేయలేకపోయారు. నేను మంచిదాన్నో కాదో తెలియదు, నాకు అక్క ముఖ్యం. రేడియో పెట్టాను. అన్ని ఊళ్ళూ వింటాయని తెలుసు కాబట్టి విషయం విప్పకుండా, "అక్కా, ఒక్కసారి 'మా వంతు ఇంకా ఉంది' అని చెప్పవే" అన్నాను.

"ఏంటీ?"

"ఎందుకని అడక్కు. అనెయ్యి."

"నా నోటితో ఆ మాటా? అందరికన్నా ముందిచ్చి, ఇయ్యలేదని చెప్పాలా? మంచినీళ్ళ మోటారు ఆపుకుని ఇచ్చామే! మా కోడలు బాలింతరాలు, ఉక్కకి సచ్చిపోతా కూడా ఇచ్చింది. గోవిందులాగా మాట్టాడమంటావా నన్ను?"

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పేరు చూత్తే సువార్త, చెప్పేవన్నీ ఇలాంటియ్యే" అని రేడియో కట్టేసింది.

తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. ఈ పేజీలో రెండు చోట్ల సిరా ఒలికింది, ఏమీ అనుకోవద్దు.

అమావాస్య

ఇది తర్వాత గుర్తు చేసుకుని రాస్తున్నాను.

పొద్దెక్కినా వెలుగు రాలేదు. మధ్యాహ్నానికి గట్టు అవతల పోటు లేచింది, ఇటు ఏరు నిండింది. ఎప్పుడూ వినే హోరే, కానీ అది రెండు పక్కల నుంచీ రావడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడు యంత్రం అదే మర్యాదతో అన్ని ఊళ్ళకీ చెప్పింది.

"వరద నీటిని చినమొగకు మళ్ళిస్తున్నాను. చినమొగ వంతు అయిపోయింది."

ఇక దాచడానికి ఏముంది? మైకు తీసుకుని అంతా చెప్పేశాను. వంతు అంటే అదేమని వింటోందో చెప్పాను. భీమశంకరం గారు పక్కనే ఉన్నారు, ఆపలేదు.

అక్క గొంతు వచ్చింది. అంత చిన్న గొంతుతో అది మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"చినమొగ. మా వంతు... మా వంతు ఇంకా ఉంది."

"సరే. చినమొగ వంతు ఇంకా ఉంది" అంది యంత్రం. నేను ఏడ్చేశాను. కళ్ళు తుడుచుకునేలోపే మళ్ళీ అంది. "వరద నీటిని కొత్తమొగకు మళ్ళిస్తున్నాను. కొత్తమొగ వంతు అయిపోయింది."

కొత్తమొగలో ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. వెనక పసిపిల్ల ఏడుపు. "మా వంతూ ఇంకా ఉంది! ఉంది, ఉంది!" అని అరిచింది. సరే అంది యంత్రం, ఆ పక్క ఊరి పేరు చదివింది. ఆ ఊరివాళ్ళూ అరిచారు. మరో ఊరు. ప్రతి ఊరూ ప్రాణభయంతో పక్క ఊరి మీదికి నెడుతోంది, పక్క ఊరివాళ్ళు వింటూనే ఉన్నారు. లాకుల తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఒక్కో ఊళ్ళోకి కొంచెం కొంచెంగా నీళ్ళు దూరుతున్నాయి.

"అమ్మో, నేనేం చేశానే సువార్తా!" అంటోంది అక్క. "కొత్తమొగోళ్ళ మీదికి తోసేశానే!"

అన్ని ఊళ్ళూ అనేశాయి. ఇక వంతు అయిపోయిన ఊరంటూ లేదు. "నీరు నిలిపే చోటు లేదు. మళ్ళీ అడుగుతున్నాను. ఎవరి వంతు అయిపోయింది?" అంది యంత్రం. ఎవరూ పలకలేదు. గోవిందు కూడా.

కిటికీలోంచి చూశాను. బయట ఎండిన రొయ్యల చెరువులు, ఒకదాని పక్కన ఒకటి, కనుచూపు మేర. పల్లం. మనుషులు లేని పల్లం.

భీమశంకరం గారూ అటే చూస్తున్నారు. మైకు మీద నా చెయ్యి పడగానే దాని మీద ఆయన చెయ్యి వేశారు. చల్లగా ఉంది. "యంత్రం ఇక్కడే ఉంది సువార్తా. పటాలన్నీ ఇక్కడే. నా జీవితమంతా ఇక్కడే. ఇది పోతే వీళ్ళకి రేపు గట్టు గీసేవాళ్ళెవరు?"

"రేపు వీళ్ళుంటే కదండీ."

ఆయన చెయ్యి తీసేశారు. నాకు ఈత రాదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా మైకు దగ్గరికి లాక్కున్నాను.

"రొయ్యలగుంట. సంఘం ఆఫీసు. మా వంతు అయిపోయింది."

"రొయ్యలగుంట వంతు అయిపోయింది. సరే" అంది యంత్రం. తను కూర్చున్న చోటేనని దానికి తెలుసో తెలియదో. గొంతులో ఏ తేడా లేదు.

ఏటి లాకు తెరుచుకుంది. నీళ్ళు చెరువుల్లోకి దూకి, ఒక్కొక్క గట్టే తెంచుకుంటూ మా వైపు వచ్చాయి. అసలు భయం అప్పుడు మొదలైంది. పోటు తిరిగేలోపు యంత్రం మునిగిపోతే లాకులన్నీ తెరుచుకుంటాయి, సముద్రం లోపలికి వస్తుంది, చేసినదంతా వృథా. గుమ్మానికి బియ్యం బస్తాలు అడ్డం వేశాం. పటాలు చుట్టి సందుల్లో కుక్కాం. ఏళ్ళ తరబడి గీసిన పటాలు, ఆయనే తన చేత్తో కుక్కారు. నీళ్ళు చీలమండలకి వచ్చాయి, మోకాళ్ళకి వచ్చాయి. యంత్రాన్ని ఎత్తి బల్ల మీద పెట్టి, ఇద్దరం రెండు పక్కలా పట్టుకుని నిలబడ్డాం. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. రేడియోలో ఊళ్ళవాళ్ళు మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు, చేతులు ఖాళీ లేక పలకలేదు. యంత్రం మధ్యమధ్యలో "చినమొగ లాకు మూసి ఉంది, కొత్తమొగ లాకు మూసి ఉంది" అని చదువుతోంది. ఆ గొంతు ఆగిపోకూడదని జీవితంలో ఎప్పుడూ చేయనంత ప్రార్థన చేశాను.

"పోటు తిరిగింది, సముద్రం వెనక్కి తీస్తోంది" అన్నారు భీమశంకరం గారు. హోరు ఒక పక్కనే వినిపిస్తోంది.

నీళ్ళు బల్ల మీదికి ఎక్కాయి. అత్తగారు ఒక మాట మధ్యలో ఆగిపోయింది. లాకులన్నీ తెరుచుకున్నాయి, లోపలి నీళ్ళు సముద్రంలోకి పోవడం మొదలైంది.

బల్ల ఎక్కి పైకప్పు చేరిన మమ్మల్ని పడవలోకి దింపుకున్నది గోవిందు. దారిపొడుగునా తల వంచుకుని తెడ్డు వేశాడు.

శుద్ధ విదియ

చినమొగలో, అక్క ఇంటి అటక మీద కూర్చుని రాస్తున్నాను. ఈ కాగితాలు ఒక్కటే తడవలేదు, పంచదార డబ్బాలో పెట్టాను కాబట్టి. కింద బురద తోస్తున్నారు. బాలింత, బిడ్డ క్షేమం. కొత్తమొగలో రెండు ఇళ్ళు పడ్డాయి, మనుషులు దక్కారు. అక్క నిన్న అక్కడికి వెళ్ళి పొద్దంతా వాళ్ళ బురద ఎత్తి వచ్చింది.

లాకులు ఇప్పుడు మనుషులే మూస్తున్నారు, ప్రతి లాకు దగ్గరా రెండు ఊళ్ళవాళ్ళు, ఒకరినొకరు కనిపెట్టుకుంటూ. ఇచ్చి పుచ్చుకునే మాటలు రేడియోలో వస్తూనే ఉన్నాయి, కానీ వంతు అన్న మాట మాత్రం ఎవరి నోటా రావడం లేదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు. పోటు చిన్నది కాబట్టి ఇలా గడుస్తోంది. పున్నానికి ఇలా గడవదు. భీమశంకరం గారు కింద గోడ మీద బొగ్గుతో గట్టు గీస్తున్నారు, చెరుపుతున్నారు.

మీ ప్రశ్నల కాగితం కూడా డబ్బాలోనే ఉంది. అన్నీ నింపాను, ఆఖరుది తప్ప. ఇప్పుడు అదీ నింపుతున్నాను.

మీ సంఘం తన వంతుగా ఏమి ఇస్తోంది?

రొయ్యలగుంట.

బ్యాటరీలు పున్నానికి ముందే పంపండి. యంత్రం కూడా పంపగలిగితే చెవులు లేనిది చాలు, వినడానికి నేనున్నాను. నాకు చాలా భయంగా ఉంది.